మూత విప్పిన కాఫీ మిషను

ఖమ్మంలో ఉండే మా మేనల్లుడు ఒక ఆదివారం ఫోన్ చేశాడు. "మామయ్యా, పదివేల లోపు ఎస్ప్రెసో మిషను ఒకటి చూశాను. పెట్టె మీద 15 బార్లు అని పెద్దక్షరాలతో వేశారు. కొనొచ్చా?" అన్నాడు. నేను వెంటనే జవాబు చెప్పలేదు. అలాంటి మిషనే మూడేళ్ళుగా భద్రాచలంలో మా వంటింట్లో ఉంది. సరిగ్గా ఆ వారమే దానిలోంచి నీళ్ళు దిగడం మానేశాయి. మిక్సీలు, బోరు మోటార్లు బాగుచేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాలనుకుంటున్నాను. "నువ్వూ రా, విప్పేటప్పుడు చూద్దువుగాని" అన్నాను. దాదాపు 120 కిలోమీటర్లు బస్సులో కూర్చుని వచ్చాడు.

మన వైపు ఎస్ప్రెసో అనగానే పెళ్ళి పందిట్లో నిలబెట్టే స్టీలు బాయిలరు గుర్తొస్తుంది. జగ్గులో పాలు, ఇన్‌స్టంట్ కాఫీ పొడి, పంచదార వేసి, ఆవిరి గొట్టం ముంచి బుస్సుమనిపించి, నురగ మీద చాక్లెట్ పొడి చల్లి ఇస్తారు. ఆ కాఫీ అంటే నాకు ఇప్పటికీ ఇష్టమే. అయితే అక్కడ ఆవిరి చేసే పని పాలు కాచి నురగ తెప్పించడం వరకే. ఇటలీవాళ్ళు ఎస్ప్రెసో అనేది వేరు. మెత్తగా విసిరిన కాఫీ పొడిని బిళ్ళలా అదిమి, దానిలోంచి వేడినీళ్ళని గట్టి ఒత్తిడితో అర నిమిషం లోపల దాటించాలి. మన ఇత్తడి ఫిల్టరులో డికాక్షన్ దాని బరువుకి అదే చుక్కచుక్కగా దిగుతుంది, గంటలు పట్టినా తొందర లేదు. ఇక్కడ ఆ గంటల పనిని పాతిక సెకన్లలోకి కుదించాలి. అందుకే ఒత్తిడి.

ఆ ఒత్తిడి ఎక్కణ్ణుంచి తేవాలన్న దగ్గరే మిషన్లు రెండు తెగలుగా చీలిపోతాయి. నాలుగైదు వేలకి వచ్చేవి చాలావరకు ఆవిరి మిషన్లు. వాటిని అర్థం చేసుకోవడానికి మన కుక్కరు చాలు. మూత బిగించిన కుక్కరులో ఆవిరి పోగై, బయటి గాలి కంటే దాదాపు ఒక బార్ ఎక్కువ ఒత్తిడి కాగానే విజిల్ వేస్తుంది. అప్పుడు లోపలి నీళ్ళు 120 డిగ్రీల దగ్గర ఉంటాయి. ఆవిరి మిషన్లోనూ అంతే. చిన్న అల్యూమినియం బాయిలరు, మీద మరమూత. లోపల పుట్టిన ఆవిరే నీళ్ళని నెట్టి పొడిలోంచి పంపుతుంది. ఇందులో ఒత్తిడి, వేడి ఒకే కాడికి కట్టిన రెండెడ్లు. ఒకటి అడుగేస్తే రెండోది వేయక తప్పదు. ఎస్ప్రెసోకి కావలసిన 9 బార్లని ఒక్క ఆవిరితోనే తేవాలంటే అది 180 డిగ్రీల దాకా కాగాలి. కాఫీకి నప్పే నీళ్ళేమో 90 నుంచి 96 డిగ్రీలవి. కాబట్టి ఆవిరి మిషన్లో ఒత్తిడి ఎప్పుడూ చాలదు, వేడి ఎప్పుడూ మించుతుంది. ఆ కాఫీలో తగిలే మాడు చేదుకి కారణం ఇదే.

ఈ చిక్కు ఇటలీలో చాలాకాలం విడలేదు. 1884లో ట్యూరిన్‌లో ఆంజెలో మోరియోండో, 1901లో మిలాన్‌లో లుయీజీ బెజ్జెరా పేటెంట్లు తీసుకున్నవి ఆవిరి మీద ఆధారపడ్డ యంత్రాలే. 1938లో ఆకిల్లే గాజియా కొత్త పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. యుద్ధం అయ్యాక, 1948లో, అది స్ప్రింగు పిడి ఉన్న మిషనుగా బజారుకొచ్చింది. పిడిని కిందికి లాగితే స్ప్రింగు ముడుచుకుంటుంది. వదిలితే అది విచ్చుకుంటూ పిస్టన్ని నొక్కుతుంది. వేడి సంగతి బాయిలరు చూసుకుంటుంది, ఒత్తిడి సంగతి స్ప్రింగు చూసుకుంటుంది. ఎడ్లు రెండూ విడిపోయాయి. కాఫీ మీద తేనెరంగు మీగడలా తేలే నురగ అప్పుడే మొదటిసారి కనిపించింది. వేయించిన గింజలో ఇరుక్కుని ఉన్న కార్బన్ డయాక్సైడు ఆ ఒత్తిడికి నీళ్ళలో కరిగి, కప్పులోకి రాగానే నూనెలతో కలిసి బుడగలై పైకి తేలడం వల్ల వచ్చే నురగ అది. 1961లో ఫేమా కంపెనీ ఇ61 మిషనుతో చేతి పిడి స్థానంలో కరెంటు పంపు పెట్టింది. మన పదివేల మిషను ఈ తెగలోదే.

పెద్దాయన మిషన్ని గోనెపట్టా మీద బోర్లించాడు. మరలు విప్పి, విప్పిన వరసలోనే స్టీలు పళ్ళెం అంచు చుట్టూ పేర్చుకుంటూ పోయాడు. బిగించేటప్పుడు చివరి దాంతో మొదలుపెడితే చాలు, వెతుక్కునే పని ఉండదు. మూత లేవగానే లోపల చాలా ఖాళీ కనిపించింది. మేనల్లుడు ఆశ్చర్యపోయాడు. పంపు, వేడి దిమ్మ, ఆవిరి వైపు తిప్పే వాల్వు, నాలుగు సిలికాన్ గొట్టాలు, కాసిని వైర్లు. అంతే.

పంపు అరచేతిలో ఇమిడిపోయింది. పెద్దాయన దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి, "ఇది కాలింగ్ బెల్లే సార్" అన్నాడు. నిజమే. టింగ్‌టాంగ్ బెల్లులో తీగచుట్ట మధ్య ఇనప కడ్డీ కదిలినట్టే ఇందులోనూ చుట్ట మధ్య గొట్టంలో ఒక పిస్టను కదులుతుంది. ఆ పిస్టను బోలుగా ఉంటుంది, నీళ్ళు దాని నడుమ గుండానే పోతాయి. దానికొక చిన్న వాల్వు, బయటికి పోయే దారిలో ఇంకొకటి. బోరు ఫుట్‌వాల్వులాగా రెండూ నీళ్ళని ముందుకే పోనిస్తాయి, వెనక్కి రానివ్వవు. కరెంటు దారిలో ఒక డయోడ్ ఉంటుంది. మన కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది కదా, ఆ డయోడ్ అందులో సగం ఊపునే చుట్టకి అందిస్తుంది. అందిన క్షణంలో అయస్కాంతం పిస్టన్ని వెనక్కి లాగి స్ప్రింగుని నొక్కుతుంది. ఆగిన క్షణంలో స్ప్రింగు విచ్చుకుని పిస్టన్ని ముందుకు తోస్తుంది. నీళ్ళని నెట్టేది ఆ తోపే. అంటే గాజియా చేత్తో లాగిన పిడి పనిని ఇక్కడ అయస్కాంతం చేస్తోంది, నొక్కే పని మాత్రం అప్పటికీ ఇప్పటికీ స్ప్రింగుదే. అప్పుడు కప్పుకి ఒక్క లాగుడు. ఇప్పుడు సెకనుకి 50. అడ్డేమీ లేనప్పుడు ఒక్కో పోటుకి నాలుగు చుక్కల నీళ్ళు. పాతిక సెకన్లలో 1250 పోట్లు. తిరిగే చక్రం లేదు, బేరింగు లేదు, కార్బన్ బ్రష్షు లేదు. ఇంత తక్కువ సామానుతో ఇంత పని చేయించిన మనిషి బుర్రకి దణ్ణం పెట్టాలనిపించింది.

పెట్టె మీది 15 బార్ల అర్థం కూడా ఇక్కడే తెలుస్తుంది. ఈ పంపు ముందు దారి పూర్తిగా మూసేస్తే, చుక్క నీరు కదలని స్థితిలో స్ప్రింగు చూపించగల గరిష్ఠ ఒత్తిడి అది. నీళ్ళు ఎంత పారితే ఒత్తిడి అంత తగ్గుతుంది. కప్పు సరిగ్గా దిగుతున్నప్పుడు పొడి మీద 9 బార్లు ఉంటే చాలు. కాబట్టి 15 బదులు 20 అని రాసి ఉన్నా దానికి వెయ్యి రూపాయలు ఎక్కువ పెట్టనక్కర్లేదు. ఆ 9 కూడా తక్కువేం కాదు. కారు టైరులో గాలి రెండు బార్ల పైచిలుకు. 51 మిల్లీమీటర్ల వెడల్పున్న కాఫీ బిళ్ళ మీద 9 బార్లంటే 75 కిలోల వడ్ల బస్తాలు రెండున్నర పెట్టినంత. అంత బరువునీ ఆపేది, కాఫీ బిళ్ళని పట్టుకుని మిషను కింద తగిలించే పిడికి రెండు పక్కలా ఉన్న చెవులు, పైనుండే గాస్కెట్టు. కొనేముందు ఆ చెవుల్ని వేలితో తడిమి చూడాలి. అంచులు నున్నగా, మందంగా ఉండాలి. పిడి తిప్పితే చివర్లో గట్టిగా, సమంగా పట్టుకోవాలి.

మా మిషను జబ్బు వేడి దిమ్మలో బయటపడింది. అల్యూమినియంతో పోతపోసిన ఆ దిమ్మ సగం ఇటుకంత ఉంటుంది. దాని కడుపులో ఒక పక్క హీటరు కడ్డీ, ఇంకో పక్క మెలికలు తిరిగిన సన్నని కాలువ. చల్లటి నీళ్ళు ఆ మెలికలన్నీ తిరిగి వచ్చేసరికి కాగిపోతాయి. బాయిలరులోలాగా లీటరు నీళ్ళు కాగేదాకా కూర్చోనక్కర్లేదు. దిమ్మకి ఆనించి రెండు బిళ్ళల థర్మోస్టాట్లు, ఒకటి కాఫీకి, ఒకటి ఆవిరికి. వేర్వేరుగా సాగే రెండు లోహాలని అతికించి చేసిన చిన్న పళ్ళెం ఒక్కోదానిలో ఉంటుంది. వేడి హద్దు దాటగానే అది టప్పున వంగి కరెంటు తెంపేస్తుంది. ఇవి రెండూ విఫలమైతే కాలిపోయి మిగతా మిషన్ని కాపాడటానికి ఒక థర్మల్ ఫ్యూజు. తక్కువ ధర మిషన్లో ఈ చివరి కాపలా ఉందో లేదో చూడటం మంచిది.

మా కాలువ నిండా సున్నం. ఇల్లు బోరు నీళ్ళ మీద నడుస్తోంది, నేనేమో ఆ నీళ్ళే పోస్తూ వచ్చాను. పెద్దాయన నిమ్మ ఉప్పు గోరువెచ్చటి నీళ్ళలో కలిపి సిరంజితో కాలువలోకి ఎక్కించాడు. రెండో చివర బుడబుడా నురగలు వచ్చాయి. మళ్ళీ ఎక్కించాడు. నాలుగోసారికి నీళ్ళు తేటగా, ఒకే ధారగా వచ్చాయి. నెలకోసారి ఈ పని ఇంట్లోనే చేసి ఉంటే మిషను ఇక్కడిదాకా వచ్చేది కాదు.

కాలువ కడుగుతున్న ఆ అరగంటలో మేనల్లుడికి అన్నిటికంటే ముఖ్యమైన భాగం చూపించాను. అది మిషను లోపల ఉండదు, పిడిలో ఉంటుంది. కాఫీ పొడి పోసే స్టీలు బుట్ట. తక్కువ ధర మిషన్లతో వచ్చేది తరచుగా రెండు అడుగుల బుట్ట. పై అడుక్కి జల్లెడలా వందల రంధ్రాలు, కింది అడుక్కి సూదిమొనంత రంధ్రం ఒక్కటే. పొడి ఎలా ఉన్నా, బజారులో పొట్లం కట్టిచ్చిందైనా, ఆ ఒక్క రంధ్రమే అడ్డుపడి ఒత్తిడి పుట్టిస్తుంది. నీళ్ళు అందులోంచి చిమ్ముకొచ్చి నురగ కూడా చేస్తాయి. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి అదొక ఊతకర్ర. కానీ ఆ నురగ రంధ్రం చేసింది, గింజ ఇచ్చింది కాదు. ఒకే అడుగున్న బుట్టలో అడ్డుకోవలసిన బాధ్యత అంతా కాఫీ పొడిదే. పొడి బరకగా ఉంటే నీళ్ళు పది సెకన్లలో జారిపోయి పుల్లగా పల్చగా వస్తుంది. మరీ మెత్తగా ఉంటే చుక్క దిగదు. చికోరీ కలిపిన పొడి తడవగానే బంకగా పట్టేస్తుంది, అది ఫిల్టరుకే సరి.

మిక్సీలో వేస్తే సగం దుమ్ము, సగం పలుకులు వస్తాయి. బ్లేడు కొడుతుంది, విసరదు. రెండు ఉక్కు పళ్ళ మధ్య గింజని నలిపే చేతి గ్రైండరు కావాలి, తిరగలి ఎలా పనిచేస్తుందో అలా. దానికి మంచిదైతే మూడు నాలుగు వేలు అవుతుంది. కాబట్టి పదివేల మిషను అసలు ధర పదివేలు కాదు. ఈ మాట ముందే తెలిసి ఉంటే నేను తక్కువ ధర మిషను కొని, మొదటి రోజే గ్రైండరు కూడా కొనేవాణ్ణి. ప్లగ్గు సంగతి కూడా ఉంది. 1450 వాట్ల మిషను 6 యాంపియర్లకి పైగా లాగుతుంది, మామూలు చిన్న సాకెట్ మీద భారం. గీజరు ప్లగ్గు లాంటిదే దీనికీ కావాలి.

గింజల కోసం ఇటలీ దాకా పోనక్కర్లేదు. బ్రాడీ అనే ఇంగ్లీషు అధికారి 1898లో కాఫీ మొక్కలు తెచ్చి నాటిన పాములేరు లోయ, భద్రాచలం నుంచి చింతూరు, మారేడుమిల్లి మీదుగా దిగే ఘాట్ రోడ్డు పక్కనే ఉంది. 2014 దాకా మా ఖమ్మం జిల్లాలో ఉన్న చింతూరు, 2022లో పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి జిల్లాలో కలిసింది. ఆ పాడేరు కొండల్లో గిరిజన రైతులు సిల్వర్ ఓక్ నీడన, మిరియం తీగల మధ్య పెంచే అరబికా గింజకే 2019లో అరకు పేరున భౌగోళిక గుర్తింపు వచ్చింది. మిషను మంచిదో కాదో తేల్చుకోవాలంటే వేయించి మూడు నాలుగు వారాలు మించని ఆ గింజలతో చూడండి. పాత పొడితో ఏ మిషన్నీ తూచలేం, గింజలో గాలి పోయాక నురగ రాదు.

పెద్దాయన పళ్ళెం అంచున మరల్ని వెనక నుంచి లెక్కపెట్టుకుంటూ బిగించాడు. నేను సంచీలోంచి గ్రైండరు, చిన్న తూకం తీశాను. 15 గ్రాముల గింజలు విసిరి, ఒకే అడుగు బుట్టలో పోసి, వేలితో సమం చేసి అదిమాను. పెద్దాయన పవర్ ప్లగ్గులో పెట్టి మీట నొక్కాడు. మొదట పంపు గరగరా వదులుగా మోగింది. నాలుగైదు సెకన్లకి పొడి తడిసి అడ్డం తిరగ్గానే ఆ చప్పుడు అణిగి, బిగుసుకుని, లోపల్నుంచి వస్తున్నట్టు వినిపించింది. చీమ తలంత చుక్క ఒకటి, తర్వాత మరొకటి, ఆ తర్వాత ఎలుకతోకంత సన్నటి ధార. నల్లగా మొదలై తేనెరంగుకి తిరిగింది. 27 సెకన్లు. తూకం 31 గ్రాములు చూపించింది.

ముగ్గురం పంచుకుంటే తలా రెండు గుటకలు. పెద్దాయన నాలుక మీద కాసేపు ఉంచుకుని మింగి, "పంపు పోదు సార్. గాస్కెట్టే ఎండుతుంది. సైజు రాసిపెట్టుకోండి" అంటూ, స్కేలుతో కొలిచి మార్కరుతో ట్యాంకు వెనక తనే రాశాడు. మేనల్లుణ్ణి అడిగాను, రోజూ పొద్దున్నే ఇంట్లో నలుగురికి పాల కాఫీయే కావాలంటే అమ్మమ్మ ఇత్తడి ఫిల్టరు నీకు చాలదా అని. వాడు జవాబు చెప్పలేదు. ఫోనులో తను చూసిన మిషను బొమ్మని రెండు వేళ్ళతో పెద్దది చేసి, బుట్ట అడుగున రంధ్రాలు ఎన్నున్నాయో చూస్తున్నాడు.