వెండిని కాదన్న కవి

మా ఇబ్రహీంపట్నం పేరులోనే ఒక సాయిబు ఉన్నాడు. అయినా చిన్నప్పుడు నేనొక తెలుగు పద్యం తప్పుల్లేకుండా అప్పజెబితే, మా పంతులుగారు ‘సాయిబువై ఉండి కూడా!’ అని మెచ్చుకున్నారు. ఆ ‘ఉండి కూడా’ ఇవాళ్టికీ చెవిలో మోగుతూనే ఉంది. ఆ పద్యం జాషువా ‘ఫిరదౌసి’లోది.

1932 నాటి ఆ కావ్యాన్ని అందరూ కరుణ కోసం చదువుతారు. బంగారమిస్తానన్న గజనీ మహమూదు వెండి ఇచ్చాడు, ముసలి కవి గుండె పగిలింది. నన్ను పట్టుకున్నది మాత్రం ఆ కవి స్వభావం. ఫిరదౌసి పోయిన వందేళ్లు దాటాక నిజామీ అరూజీ ‘చహార్ మఖాలా’లో రాసిన కథ ప్రకారం, ఆయన హమాముకి వెళ్లి ఆ వెండినంతా స్నానం చేయించినవాడికీ, పానీయం అమ్మినవాడికీ పంచేశాడు.

పొగరే. కాదనను. లేనిదాన్ని పుట్టించినవాడికి ఇంకొకరి తూకం రుచించదు. ప్రతిభ మనిషికి ముందుగా చేసే పని అదే. కానీ ఆ పొగరుకి మనవాళ్లు పుట్టుక చూసి పేరు పెడతారు. విశ్వనాథ తన గొప్ప తానే చెప్పుకుంటే మా బెజవాడ మురిసిపోయి కథలల్లుకుంది. జాషువా తలెత్తితే కులం గుర్తుచేశారు. చెళ్లపిళ్లంతటి పెద్దాయన వంగి గండపెండేరం తొడిగిన కాలు అది!

అలాగని ప్రతిభ అన్నిటినీ కడిగేస్తుందా? ఫిరదౌసి పేరిట ఒక హజ్వు, అంటే తిట్టు కవిత, ప్రచారంలో ఉంది. చాలా భాగం తర్వాతివాళ్లు చేర్చిందేనంటారు పండితులు. ఎవరు రాసినా, అది మహమూదు లోభాన్ని తిట్టి ఊరుకోదు, బానిసకు పుట్టినవాడని తిడుతుంది. వెండిని వదిలేసిన చేయి పుట్టుక అనే రాయినే ఎందుకు ఏరుకోవాలి? ఆ రాయి దెబ్బలు తిన్న జాషువాని చదివిన నాకు ఇది మింగుడుపడదు.

ఇంకొకటి. తూసులో ఫిరదౌసి చనిపోతే, రాఫిజీ అని ఒక మతబోధకుడు ముస్లిముల ఖబరస్తాన్‌లో చోటు ఇవ్వనివ్వలేదట. సొంత తోటలోనే ఖననం చేశారు. పంతులుగారి మాట మరిచిపోని నేను, మనవాళ్ల ఈ మాటని ఇన్నేళ్లూ దాటేసి చదివాను. జనాజా ఒక ద్వారం నుంచి బయటికి వెళుతుంటే, సుల్తాను పంపిన నీలిమందు ఒంటెల మీద ఇంకో ద్వారం నుంచి వచ్చింది. వెల అరవై వేల దీనార్లు. ఆయన కూతురు ముట్టుకోలేదు. ఆ సొమ్ముతో బాటసారుల సత్రం ఒకటి బాగుచేయించారు.