చూసుకోవడం ఒకచోట, నేర్పడం ఇంకోచోట

బడి వయసు దాటిన, మేధో వైకల్యం ఉన్న కొడుక్కో కూతురికో చదువు ఎక్కడ దొరుకుతుందని తమిళనాడులోని తిరువళ్లూరు జిల్లా ఆత్తిపట్టులో ఒక తెలుగు కుటుంబం వెదికితే, కాగితం మీద రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి నేషనల్ ట్రస్ట్ వారి వికాస్ డే కేర్ కేంద్రం, ఇప్పుడది దిశ పథకంతో కలిసి దిశ-కమ్-వికాస్ అయింది. రెండోది 2022లో మొదలైన వయోజన విద్యా పథకం ఉల్లాస్. ఒకదానిలో ఉన్నది రెండోదానిలో లేదు.

నేషనల్ ట్రస్ట్ చట్టం 1999లో వచ్చింది. మా తర్వాత మా బిడ్డను ఎవరు చూసుకుంటారన్న తల్లిదండ్రుల దిగులే దానికి మూలం. అందుకే వికాస్‌కు చూసుకోవడం తెలుసు. పదేళ్లు దాటినవారి కోసం రోజుకు కనీసం 6 గంటలు, నెలకు 21 రోజులు కేంద్రం తెరిచి ఉండాలని నిబంధన. నైపుణ్యాలు పెంచాలనీ రాసుకున్నారు. కానీ గట్టిగా లెక్కకొచ్చేవి గంటలూ రోజులే. ముప్పై ఏళ్ల మనిషి ఈ ఏడాది కొత్తగా ఏం నేర్చుకున్నాడని అడిగే గడి ఎక్కడ?

15 ఏళ్లు దాటినా ఎవరైనా నేర్చుకోగలరన్న నమ్మకం మీద నిలబడింది ఉల్లాస్. ఆ నమ్మకం చాలా విలువైనది. ప్రాధాన్యం ఇవ్వాల్సినవారిలో దివ్యాంగులనూ చేర్చారు. చివరికి పెట్టేది మాత్రం చదవడం, రాయడం, లెక్కలు కలిపి 150 మార్కుల పరీక్ష. పాఠం చెప్పేది స్వచ్ఛందంగా వచ్చినవారు. వాళ్ల మనసు మంచిదే, ఈ విద్యార్థికి ఎలా చెప్పాలో వాళ్లకు నేర్పేదెవరు?

పద్ధతి లేక కాదు. సికింద్రాబాద్‌లో మేధో వైకల్యం కోసమే జాతీయ సంస్థ 1984 నుంచీ ఉంది. పనిని మెట్లుగా విడగొట్టి నేర్పడం ప్రత్యేక విద్యలో పాత సంగతే. లోకల్ రైలు టికెట్ కొనడమే తీసుకోండి. వరుసలో నిలబడాలి, ఊరి పేరు చెప్పాలి, నోటు ఇవ్వాలి, టికెట్ అందుకోవాలి, చిల్లర తీసుకోవాలి. మొదట్లో అన్నీ టీచరే చేసి, చిల్లర తీసి జేబులో వేసుకోవడం ఒక్కటే విద్యార్థికి వదిలేస్తారు. అది వచ్చాక దాని ముందు మెట్టు. ఇలా వెనక నుంచి ముందుకొస్తే, ప్రతిసారీ పని పూర్తిచేసింది తనే అవుతాడు. ఈ చదువు 150 మార్కుల్లో కనబడదు, 6 గంటల హాజరులోనూ కనబడదు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఉచిత విద్యను 18 ఏళ్ల దాకా హక్కు చేసింది. ఆ పైన వయోజన విద్యకు ప్రభుత్వాలు చర్యలు తీసుకోవాలంటూ ఆగిపోయింది. ఇంగ్లండ్‌లో 2014 చట్టం, అవసరమైనవారికి 25 ఏళ్ల దాకా ఎవరి ప్రణాళిక వారికి రాసివ్వమంది.

మన రెండు పథకాల్లో నేను వికాస్ వైపే మొగ్గుతాను. మనిషిని రోజూ చూసేవాళ్లు అక్కడే ఉన్నారు. ఏడాదికి ఎవరికేం నేర్పాలో అక్కడే రాసిపెట్టి, దాన్నిబట్టే ఉల్లాస్ ధ్రువపత్రం ఇవ్వాలి. నేర్పే భాష సంగతీ చూడాలి. తిరువళ్లూరు జిల్లాలోని తిరుత్తణి ప్రాంతం 1960 దాకా చిత్తూరు జిల్లాలోది. తిరువళ్లూరు జిల్లాలో ఇంట్లో తెలుగు, బయట తమిళం అయిన కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. మెట్టు మెట్టుకూ చెప్పే మాట విద్యార్థికి అమ్మ నోట విన్న తెలుగులో అందాలి, కౌంటర్ దగ్గర పలకాల్సిన తమిళమూ రావాలి.