మడమ పరీక్ష

మా మేనమామ లారీ ఆపాలనుకున్నప్పుడు వెంటనే ఇంజను కట్టేసేవాడు కాదు. దిగి, రోడ్డు మార్జిన్‌లోకి నాలుగడుగులు వేసి, చెప్పు విడిచి, మడమతో నేలను గట్టిగా పొడిచేవాడు. గుంట పడిందా, మాట్లాడకుండా మళ్లీ ఎక్కి బండి కదిలించేవాడు. నాకప్పుడు పదిహేనేళ్లు. పదో తరగతి పరీక్షలయ్యాక, తణుకులో కోడిగుడ్లు ఎత్తిన లారీలో హౌరా దాకా పోతానని అమ్మ ప్రాణం తీసి ఒప్పించాను.

"నేలని తంతావేంటి మావయ్యా?" అన్నాను.

"ఒరేయ్, ఇది గోదారి మన్నురా. పైకి గట్టిగానే ఉంటది, లోపల పాయసం. లోడు బండి ఓ పక్కకి దిగబడిందంటే నీ గుడ్లన్నీ కాలవలో అట్టే."

తోలడం ఎవడైనా నేర్చుకుంటాడు, ఆపడమే చేతనవ్వాలి అనేవాడు. బ్రేకుల సంగతేమో అనుకున్నాను. ఒడిశా దాటేసరికి అర్థమైంది. డీజిల్ ట్యాంకు ఉన్న వైపు గోడకో చెట్టుకో ఆనుకునేలా ఆపేవాడు. రాత్రి ఎవడైనా పైపు పెడదామన్నా మనిషి దూరే సందు ఉండకూడదు. క్లీనరు టైర్ల కింద రాళ్లు పెట్టి, కర్రతో ఒక్కో టైరునీ కొట్టుకుంటూ వచ్చేవాడు. గాలి తగ్గిన టైరేదో ఆ చప్పుడును బట్టి మావయ్యకి క్యాబిన్‌లో కూర్చునే తెలిసిపోయేది. ఆయన కునుకు తీస్తే క్లీనరు మేలుకునేవాడు. బండి చెడి రోడ్డు మీదే నిలబడిపోతే పచ్చి కొమ్మలు విరిచి వెనక వేయించేవాడు, ఒకటి దగ్గర, ఒకటి యాభై అడుగుల అవతల, మరొకటి ఇంకా అవతల. కదిలే ముందు కొమ్మలూ రాళ్లూ తీసి పక్కన పడేయాల్సిందే. ఒకసారి మరిచిపోయిన క్లీనరు మీద చెయ్యెత్తాడు కూడా. "రాయి రోడ్డు మీద వదిలేసి పోయినోడు డ్రైవరేంట్రా?"

అప్పటి నేషనల్ హైవే 5 ఇప్పుడు 16 అయింది. నాలుగు వరసలు పడ్డాయి, ఊళ్లకి బైపాస్‌లు వచ్చాయి. వాటి కోసం కొట్టేసిన చింతలూ నిద్రగన్నేర్లూ వట్టి చెట్లు కావు, లారీల సత్రాలు. ఉంగుటూరు టోల్‌గేట్ నుంచి ఈతకోట టోల్‌గేట్ దాకా ఈసారి వెళ్లినప్పుడు కిటికీలోంచి చూడండి. ఓ పక్క చేను, ఓ పక్క కాలవో బోదో చేపల చెరువో, మధ్యలో గట్టు మీద రోడ్డు. కాటన్ దొర ఆనకట్ట ధవళేశ్వరంలో 1852లో పూర్తయిన దగ్గర్నుంచీ మనకి బీడన్నది మిగల్లేదు. గొప్పగా చెప్పుకుంటాం, చెప్పుకోవాల్సిందే. కానీ బీడు లేనిచోట లారీకీ చోటు లేదు. ఎకరం కోట్లు పలికే చోట పరాయి ఊరి డ్రైవరు నిద్ర కోసం అరెకరం వదిలే మహానుభావుడెవరు?

లోడుని బట్టి ఈ ఇబ్బంది మారుతుంది. భీమవరం, ఆకివీడుల్లో ఐసు కొట్టి ఎత్తిన చేపల బండికి ఆగే హక్కు లేదు. ఐసు కరిగేలోపు వెయ్యి కిలోమీటర్లు దాటాలి. కాకినాడ పోర్టుకి బియ్యం మోసే బండికి కదిలే హక్కు లేదు. లైను కదిలి పిలుపు వచ్చేదాకా ఎక్కడో ఒకచోట పడుండాలి. కడియపులంక నర్సరీల మొక్కల బండ్లూ, రావులపాలెం అరటి గెలల బండ్లూ ఈ రెండిటి మధ్యా.

మొన్న జనవరిలో, సిద్ధాంతం వంతెనకి కొంచెం ఇవతల, మంచులో స్కూటరు మీద పోతున్నాను. తెల్లటి పొగలోంచి ఒక్కసారిగా లారీ వెనక తలుపు! సగం తారు మీద, సగం మార్జిన్‌లో, లైటు లేకుండా. ఎలా ఆపుకున్నానో నాకే తెలీదు. ముందుకెళ్లి క్యాబిన్ తలుపు బాది, నా వయసుకి తగని మాటలన్నీ అనేశాను. ముప్పయ్యేళ్ల కుర్రాడు, కళ్లు ఎర్రగా, తువ్వాలు మెడకి చుట్టుకుని దిగాడు. తాడేపల్లిగూడెంలో బియ్యం ఎత్తాడట. పోర్టులో ఇవాళ పని కాదు, రేపు రమ్మన్నారట.

"తప్పేనండి బాబాయ్ గారూ. ఇక్కడ కాకపోతే ఎక్కడ ఆపమంటారో మీరే చెప్పండి. బంకులో డీజిల్ కొట్టిస్తేనే ఉండనిస్తాడు. హోటలోడు తిన్నంతసేపే. టోల్‌గేటు దాటి ఆపితే పెట్రోలింగు బండి లేపేస్తది. ఊళ్లోకెళ్తే మీలాంటోళ్లు తిడతారు."

లైటు వెలగకపోవడానికి చోటు లేకపోవడం సాకు కాదని ఇప్పటికీ అంటాను. మిగతాదానికి నా దగ్గర జవాబు లేదు. "పూర్తిగా మట్టిలోకి దింపచ్చు కదా?" అన్నాను. నన్ను జాలిగా చూశాడు. మావయ్య ఆరు టైర్ల బండి లోడుతో కలిపి పదహారు టన్నులు. 2018 నుంచి పది టైర్ల బండికి 28.5 టన్నుల దాకా అనుమతి. ఈ బరువుకి మడమ పరీక్ష చాలదు. వాన పడి వారమైనా మట్టి జోలికి పోడట. క్లీనరేడీ అంటే నవ్వాడు. కిరాయి డబ్బుల్లో రెండో మనిషి జీతం రాదు. అంటే నిద్రపోయేదీ కాపలా కాసేదీ ఒక్కడే.

కాపలా అవసరం లేని కాలమేం కాదు. 2008లో ఒంగోలు దగ్గర ఇదే హైవే మీద మున్నా ముఠా అధికారుల వేషంలో లారీలు ఆపి, డ్రైవర్లనీ క్లీనర్లనీ చంపి, ఇనుము లోడుతో సహా బండ్లు మాయం చేసింది. ఒంగోలు కోర్టు పన్నెండు మందికి ఉరిశిక్ష వేసింది 2021 మేలో. ఆ రోజుల్లో మా అత్తయ్య ఎవరు చెయ్యెత్తినా ఆగొద్దని మావయ్య చేత ఒట్టు వేయించుకుంది. ఇదేదో మన దగ్గరి దరిద్రం అనుకోకండి. అమెరికాలో 2009లో జేసన్ రివెన్‌బర్గ్ అనే డ్రైవరు పాల లోడుతో టైముకంటే ముందే చేరుకున్నాడు. లోపలికి రానివ్వరని, మూతపడిన పెట్రోలు బంకులో బండి పెట్టుకుని పడుకుంటే కాల్చి చంపేశారు. అతని జేబులో దొరికింది ఏడు డాలర్లు. భార్య పోరాడగా 2012లో అతని పేరు మీదే లారీ పార్కింగు చట్టం వచ్చింది.

మనకి 1961లోనే మోటారు రవాణా కార్మికుల చట్టం వచ్చింది: రోజుకి ఎనిమిది గంటలు, ఐదు గంటలు తోలాక అరగంట విశ్రాంతి. విశ్రాంతి ఎంతసేపో రాశారు, ఎక్కడో రోడ్డు చెప్పాలి. 2025 అక్టోబరు నుంచి కొత్త లారీలకి ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. మంచిదే, నడిపినంతసేపూ చల్లగా ఉంటుంది. ఇంజను ఆపితే మళ్లీ లారీ కిందే పడక. 2024 సెప్టెంబరులో దివాన్‌చెరువు, కడియపులంకల వైపు చిరుత తిరిగినప్పుడు అందరం తలుపులు బిగించుకున్నాం. లారీ కింద పడుకునేవాడికి తలుపెక్కడిది? హైవేల మీద డ్రైవర్లకి వెయ్యి విశ్రాంతి భవనాలు కడతామని అదే ఏడాది ఫిబ్రవరిలో ప్రధాని ప్రకటించారు. కట్టనీ. ఈలోపు రోడ్డు పక్కనున్న మార్కెట్ యార్డులు, ధాన్యం సీజను కానప్పుడు రాత్రిపూట గేట్లు తీస్తే పోయేదేమీ లేదు. గట్టి నేల, ప్రహరీ, కుళాయి, వాచ్‌మన్. లారీకి యాభయ్యో వందో తీసుకోండి.

2025 నవంబరులో రాజస్థాన్‌లోని ఫలోడి దగ్గర, రోడ్డు పక్కన ఆగిన ట్రెయిలర్‌ని టెంపో గుద్ది పదిహేను మంది పోయారు. సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. ఆ వార్త చదివి రెండు నెలలైనా కాలేదు, నేను సిద్ధాంతం దగ్గర ఆ తలుపు ముందు బ్రేకు మీద నిలబడ్డాను.

కుర్రాడు మళ్లీ ఎక్కి తలుపేసుకున్నాడు. మంచు విడిచేలా లేదు. స్కూటరు స్టాండు వేసి, గట్టు మీది సుబాబుల్ కొమ్మలు మూడు విరిచాను. ఒకటి లారీ వెనకే, రెండోది యాభై అడుగుల అవతల. మూడోది వేసే సరికి లారీ నాకు కనిపించడం మానేసింది.

సాయంత్రం అదే దారిన తిరిగొస్తూ ఆగి చూశాను. బండి లేదు. రెండు రాళ్లూ, వాడిపోయిన మూడు కొమ్మలూ మార్జిన్ అవతలికి ఈడ్చి ఉన్నాయి.