ఇంట్లో అయితే ఇందులో సగానికే!

హోటల్లో బిల్లు రాగానే మన ఆడవాళ్ళం అనే మొదటి మాట ఒకటుంది: "ఈ డబ్బుతో ఇంట్లో నలుగురం రెండు రోజులు తినచ్చు!" నిజమే. ఆ లెక్కలో బియ్యం ఉంది, పప్పు ఉంది, నూనె ఉంది, గ్యాసు కూడా ఉంది. కూర తరిగిన చెయ్యి మాత్రం లేదు. గిన్నెలు తోమిన నడుమూ లేదు. మన కష్టానికి సున్నా చుట్టి, హోటలువాడి కష్టానికి మాత్రం వెల కట్టి, "అమ్మో, ఎంత ఖరీదో!" అంటాం. అందుకే ఊళ్ళో చవగ్గా, రుచిగా భోజనం ఎక్కడ దొరుకుతుందని ఎవరైనా అడిగితే నేను ముందు ధర చెప్పను. ఆ ధరకి ఏం దొరుకుతోందో చూడమంటాను.

హైదరాబాదునే తీసుకుందాం. ఈ ఊళ్ళో హోటళ్ళకి కరువు లేదు, ఏది మంచిదో తేల్చుకోవడమే కష్టం. ఇప్పుడు అందరూ సెల్‌ఫోనులో నక్షత్రాలు లెక్కపెట్టుకుని బయల్దేరుతున్నారు. ఆ నక్షత్రాల్లో చాలా మట్టుకు రంగు దీపాలకీ, మెత్తటి సోఫాలకీ, ఫొటో బాగా పడే గోడలకీ పడ్డ మార్కులని నా అనుమానం. చారు ఎలా ఉందని అడిగేవాళ్ళేరీ?

మెనూ కార్డు పెళ్ళి ఆల్బమంత ఉన్నచోట నాకు గుండె జారుతుంది. అన్ని రకాలూ అప్పటికప్పుడు ఎవరు వండుతారు చెప్పండి? చాలాచోట్ల ఉల్లిపాయా, టమాటా, జీడిపప్పూ కలిపి రెండు మూడు రకాల గ్రేవీలు ముందే చేసి పెట్టుకుంటారు. అందులో పన్నీరు పడితే ఒక పేరు, పుట్టగొడుగులు పడితే ఇంకో పేరు, పైన మీగడ పోస్తే మరో పేరు. వచ్చినవాళ్ళకి వచ్చినట్టు పెట్టాలంటే అలా చెయ్యక తప్పదు, అందుకు వాళ్ళని తిట్టి లాభం లేదు. కానీ మూడు కూరలు తెప్పించుకుని, ఒకే గ్రేవీకి మూడుసార్లు డబ్బిచ్చి రావడం ఏం పొదుపు?

మధ్యాహ్నం మీల్సు లెక్క వేరు. అన్నం, పప్పు, వేపుడు, పచ్చడి, సాంబారు, చారు, పెరుగు. ఏం తినాలా అని తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. ఏం వండాలో వంటవాడికి పొద్దున్నే తెలుసు కనక వృథా తక్కువ. ఒకరు లేవగానే ఇంకొకరు కూర్చుంటారు కనక గిన్నె చల్లారే లోపే ఖాళీ అయి మళ్ళీ వేడిగా నిండుతుంది. తక్కువ ధరకి అంత పెట్టగలగడంలో మాయేమీ లేదు, కిటుకంతా అక్కడే ఉంది. కాబట్టి రద్దీ చూసి వెనక్కి తిరగకండి. జనం పల్చబడ్డాక మూడింటికి వెళ్ళడం కంటే ఒంటిగంటకి వెళ్ళి పది నిమిషాలు నిలబడటం మేలు.

హోటలు మంచిదో కాదో తేల్చడానికి నాకు మూడే పరీక్షలు: చారు, పచ్చడి, పెరుగు. కూరలో లోపం ఉంటే మీగడ పోసి కప్పెయ్యచ్చు. చారులో ఏం పోసి కప్పుతారు? ఈ మూడూ సరిగ్గా ఉన్నచోట తక్కినవీ బాగానే ఉంటాయి.

ఇక ఇంట్లో చేసుకోలేని వంటల మాట. వాటికి డబ్బు పెట్టడంలో నాకు సంకోచం లేదు. నానబెట్టిన పచ్చి మాంసం మీద సగం ఉడికిన అన్నం పరిచి, మూత చుట్టూ పిండి అంటించి దమ్ము పెట్టిన బిర్యానీ పెద్ద హండీలో కుదిరినట్టు మన కుక్కర్లో కుదరదు. 1953లో సికింద్రాబాదులో సినిమాహాలు దగ్గర చిన్న కెఫేగా మొదలైన ప్యారడైజ్ అంత పేరు తెచ్చుకున్నది ఈ వంటతోనే. చాలాచోట్ల ఒక బిర్యానీ ఇద్దరికి సరిపోతుంది. రంజాన్ నెలలో హలీం సంగతీ అంతే. గోధుమలూ మాంసమూ గంటల తరబడి ఉడికించి, కర్రలతో మెదిపి చేసే ఆ వంటకి 2010లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ చాకిరీ మన వంటింటికి వద్దు!

అన్నం ఇంట్లో వండుకుని కూరలు మాత్రం కర్రీ పాయింటులో తెచ్చుకోవడం ఇంకో పద్ధతి. ఉద్యోగాలు చేసే ఇల్లాళ్ళకి అది ఎంత ఊరటో వాళ్ళనే అడగండి. కాకపోతే నూనె కాస్త ఎక్కువ పోస్తారు, పైకి తేలినది తీసేసుకోండి.

బిల్లు కూడా చదవండి. మామూలు హోటళ్ళలో జీఎస్టీ 5 శాతం, అది ఇచ్చి తీరాలి. సర్వీసు ఛార్జీ అలా కాదు. మనం ఒప్పుకోకుండా దాన్ని బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022లో చెప్పింది, 2025లో ఢిల్లీ హైకోర్టు ఆ మాటనే బలపరిచింది. తీసెయ్యమని అడగడానికి మొహమాటపడకండి. వడ్డించిన అబ్బాయికి ఇవ్వదలుచుకున్నది అతని చేతికే ఇవ్వండి.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. మనం మెచ్చుకునే చవక హోటళ్ళు చాలా మట్టుకు మగవాళ్ళ కోసం కట్టినవే. ఒకప్పుడు 'ఫ్యామిలీ రూమ్' అని బోర్డు పెట్టి మనల్ని తెర వెనక కూర్చోబెట్టేవారు. ఇప్పుడు తెర పోయింది, సంతోషం. మరి శుభ్రమైన మరుగుదొడ్డి ఏదీ? తింటూ ఉండగానే కుర్చీ వెనక ఎవరో వచ్చి నిలబడితే ముద్ద ఎలా దిగుతుంది? భోజనం ఎంత బాగున్నా, ఆడది ఒక్కతే వెళ్ళి నింపాదిగా తిని రాలేని హోటలుకి నేను పూర్తి మార్కులు వెయ్యను.

ఎందుకంటే మనం హోటలుకి వెళ్ళేది రుచి కోసం ఒక్కటే కాదు. ఇంట్లో అందరికీ వడ్డించి, చల్లారిన కూరతో ఆఖర్న కూర్చునేది మనమే. అలాంటి మనిషి ముందు పొగలు కక్కే అన్నం పెట్టి, పప్పు మీద నెయ్యి వేసి, "ఇంకాస్త వెయ్యమంటారా అమ్మా?" అని అడిగే చోటు దొరికితే, ఆ మాటకీ ఓ వెల కట్టండి. ఆ తర్వాత చెప్పండి, ఖరీదో చవకో!