ఉమ్మడి కంప్యూటరులో మెనూ: ఒక విమర్శ

పాఠశాల ప్రయోగశాలలో ఒకే కంప్యూటరును పలువురు విద్యార్థులు తమ తమ ఖాతాలతో వాడుకొనుచుందురు. లినక్సుతో నడచు అట్టి యంత్రములో తెరపై కనబడు మెనూను ఉపాధ్యాయుడు అందరికిని ఒకేసారి మార్చగలడా? మార్చగలడు. 2000లో హావొక్ పెనింగ్టన్ ప్రారంభించిన ఫ్రీడెస్క్‌టాప్ అందుకు వలసిన నియమములను ఏర్పరచినది. నియమములు సరళమైనవే గాని, వానిలో ఒకటి నాకు నచ్చలేదు.

మెనూలోని ప్రతి అంశము వెనుక ఒక చిన్న ఫైలు ఉండును. ప్రోగ్రాము పేరు, బొమ్మ, దానిని నడపు ఆజ్ఞ అందులో వ్రాసియుండును. ప్రోగ్రాముతో వచ్చిన ఫైలు సాధారణముగా 'యూఎస్ఆర్' లోని 'షేర్' అను ఫోల్డరులో చేరును. యంత్రమును చూచువారు అందరికొరకు పెట్టు ఫైలుకు 'యూఎస్ఆర్–లోకల్' లోని 'షేర్' తగిన చోటు. విద్యార్థి సొంత ఫోల్డరు మూడవది. ఒకే పేరుగల ఫైలు మూడు చోట్లను ఉన్నచో విద్యార్థిదే చెల్లును. అది లేనిచో ఉపాధ్యాయునిది.

తెలుగు పేరు లేకుండ వచ్చిన ఒక రసాయనశాస్త్ర ప్రోగ్రామును తీసికొందము. దాని ఫైలును రెండవ చోటికి నకలు చేసి, 'మూలకముల పట్టిక' అని తెలుగు పేరు గల పంక్తి నొకదానిని చేర్చినచో, తెలుగును ఎంచుకొనిన వారందరికిని ఆ పేరే కనబడును. కొందరు ఇట్లు చేయక, క్రొత్త ఖాతాలకు నమూనాగా ఉంచిన ఫోల్డరులో ఫైలును వేయుదురు. అది ఖాతా ఏర్పడునపుడు మాత్రమే నకలగును. పాత విద్యార్థులకు అందదు.

ఇక నా ఆక్షేపణ. ఒక బాలిక నిరుడే ఆ ప్రోగ్రాము బొమ్మను మార్చుకొనినదనుకొందము. మెనూ సవరించు సాధనము ఫైలునంతను ఆమె ఫోల్డరులోనికి నకలు చేయును. ఆమె మార్చినది బొమ్మ నొకదానినే; అయినను నేడు ఉపాధ్యాయుడు చేర్చిన తెలుగు పేరు ఆమెకు కనబడదు. ఉపాధ్యాయుని నకలుకును ఇదే గతి. ప్రోగ్రాము క్రొత్త కూర్పులో నడపు ఆజ్ఞ మారినను, నకలు పాత ఆజ్ఞనే పట్టుకొని కూర్చుండును. నొక్కినచో ఏమియు తెరుచుకొనదు. అదే యంత్రములో సేవలను నడపు సిస్టమ్‌డీ (2010) లో మార్చదలచిన పంక్తులను మాత్రము వేరొక చిన్న ఫైలులో వ్రాసిన చాలును, తక్కినవి మూలమునుండియే వచ్చును. మెనూకు ఈ పాటి వెసులుబాటు ఎందుకు లేదు?

ఆటలను మెనూలో కనబడకుండ చేయుటకు కూడ ఒక పంక్తి కలదు. దానిని చూచి ఉపాధ్యాయులు మోసపోరాదు. టెర్మినలులో ఆట పేరు టైపు చేయ నేర్చిన పిల్లవాడు ఆడనే ఆడును. ఆపవలెనన్నచో ప్రోగ్రామును తీసివేయవలెను, లేదా దానిని నడపు అనుమతిని మార్చవలెను.