కొమురం కాదు, కుమ్రం

నేను పుట్టి పెరిగింది కరీంనగర్‌లో. పిహెచ్‌డీ అయ్యాక మొదట పాఠాలు చెప్పింది ఆదిలాబాద్‌లో. సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన 'కొమురం భీం' నవల (1983) గురించి ఒకరోజు క్లాసులో మాట్లాడుతూ భీంను రెండు మూడుసార్లు ఉత్త 'కొమురం' అన్నాను. వెనక బెంచీలోంచి ఒక గోండు అమ్మాయి లేచింది. "కొమురం ఆయన పేరు గాదు మేడం, ఇంటిపేరు. మాది గూడ అదే. మేం కుమ్రం అంటం."

నాకు సిగ్గేసింది. ఆ నవల మీద పేజీలకు పేజీలు రాసినదాన్ని. జల్, జంగల్, జమీన్ గురించీ, 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల తూటాలకు ఒరిగిన మనిషి గురించీ రాశాను. అతని పేరులోని మొదటి మాట ఎక్కడిదని మాత్రం అడగలేదు.

ఎందుకు అడగలేదు? మా కరీంనగర్ దిక్కు వాడకో కొమురయ్య, కొమురమ్మ ఉంటారు. కొమురెల్లి మల్లన్న పేరు పెట్టుకున్నవాళ్లు. ఆ చెవితోనే కుమ్రంను కూడా విన్నామనిపిస్తుంది. 2016లో జిల్లాకు పెట్టినప్పుడు అది కుమురం అయింది. 2022లో 'ఆర్‌ఆర్‌ఆర్' సినిమా పాటలో మళ్లీ కొమురం అయింది.

గోండుల్లో ఇంటిపేరు వట్టి గుర్తు కాదు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలున్నాయి. ఆత్రం, మడావి, మెస్రం, కుమ్రం, ఏ ఇంటిపేరైనా ఏదో ఒక సగ కిందికి వస్తుంది. ఒకే సగ వాళ్లు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. వాళ్ల మధ్య పెళ్లి కుదరదు. ఎవరి దేవత ఎవరు, ఎవరికి ఎవరు వరస అన్నది ఆ ఒక్క మాటలో తెలిసిపోతుంది. పెన్‌గంగ దాటి చంద్రాపూర్, గడ్చిరోలి వైపు వెళ్లినా ఆత్రం, మడావి ఇళ్లు తగులుతాయి. ఇంత చరిత్ర మోసే మాటను మనం అక్షరదోషంలా దిద్దేశాం.

అయితే ఇంతటితో ఆగితే స్త్రీవాద విమర్శ సగం పనే చేసినట్టు. కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు నాగోబా జాతర జరుగుతుంది. మెస్రం ఇళ్లకు వచ్చిన కొత్త కోడళ్లు తెల్లచీరలు కట్టుకుని దేవుడి ముందుకు వెళ్తారు. దాన్ని భేటింగ్ అంటారు. అది అయ్యాకే వాళ్లు ఆ వంశంలో కలిసినట్టు. మొదటిసారి చూసినప్పుడు మనసు చివుక్కుమంది. తర్వాత మా ఇళ్లు గుర్తొచ్చాయి. మా దగ్గర ఆ మార్పు చడీచప్పుడు లేకుండా జరిగిపోతుంది. శుభలేఖలో ఒక ఇంటిపేరు, రేషన్ కార్డులో ఇంకొకటి. అక్కడ కనీసం నలుగురి ముందూ ఒప్పుకుంటారు. ఒప్పుకున్నంత మాత్రాన న్యాయమైపోతుందా? పెళ్లయితే మగవాడి ఇంటిపేరు అక్కడా మారదు, ఇక్కడా మారదు.

భీం భార్య సోంబాయి. నా వ్యాసంలో ఆమె 'భీం భార్య' మాత్రమే. ఆమె ఏ ఇంటి ఆడపడుచో తెలుసుకోవాలన్న ఆలోచనే నాకు రాలేదు. భీం ఇంటిపేరును తప్పుగా పలికాను. సోంబాయికి అసలు ఇంటిపేరే లేనట్టు రాశాను. ఈ రెండో తప్పును ఎవరూ లేచి దిద్దలేదు.

నా సిద్ధాంత గ్రంథం ఇప్పుడు పుస్తకంగా రావాలి. డిగ్రీల మీద నాన్న ఇంటిపేరుంది, మిగతా కాగితాల మీద భర్త ఇంటిపేరుంది. ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ తెమ్మన్నారు ఒక ఆఫీసులో. అట్ట మీద ఏది వేయించాలని మా అవ్వనడిగితే, "ఆడిదానికి ఇంటిపేరేంది బిడ్డా, ఏ ఇంట్ల ఉంటే గదే" అంది.

క్లాసులో ఆ అమ్మాయిని కూడా అడిగాను, పెళ్లయితే ఏం చేస్తావని. "ఇంట్ల ఎట్ల పిలిచినా సర్టిఫికెట్ల కుమ్రమే ఉంటది మేడం" అంది. ఆ సాయంత్రం హాజరు పట్టీ తీసి చూశాను. ఆమె పేరు ముందు 'కొమురం' అని ఉంది. కొట్టేసి 'కుమ్రం' అని రాశాను.

వ్యాసం తిరగరాయాల్సి ఉంది. ఈసారి సోంబాయి దగ్గర మొదలుపెడతాను.