ఊపిరి ఎక్కడ తీసుకోవాలి

ఏ ఆర్కెస్ట్రా కచేరీకి వెళ్ళినా ముందు వినపడేది ఓబో. మన సన్నాయికి దూరపు చుట్టం అది, పీకతో పలికే వాద్యం. అది ఒక్క స్వరం పట్టి నిలబెడితే మిగతా వాద్యాలన్నీ దానికి శ్రుతి కలుపుకుంటాయి. కిందటి శనివారం మా ఊరి ఆర్కెస్ట్రా కొత్త సీజన్ మొదలైనప్పుడు మాత్రం వేదిక మీద ఓబో లేదు. మేం ఎంచుకున్న మూడు రచనల్లో ఒక్కదానికీ దాని అవసరం పడలేదు. కచేరీ చర్చిలో. వెనక బాల్కనీలో కూర్చున్న ఆర్గనిస్టు ఒక మెట్టు మీద వేలు పెట్టింది. కింద అందరూ తలలు వంచి తీగలు సవరించుకున్నారు.

ఇందులో మర్యాద ఏమీ లేదు, గత్యంతరం లేదు అంతే. వయొలిన్‌ని రెండు నిమిషాల్లో శ్రుతి చేసుకోవచ్చు. వెయ్యికి పైగా గొట్టాలున్న ఆర్గన్‌ని అప్పటికప్పుడు ఎవరు చేస్తారు? పైగా దాని శ్రుతి గదిలో వేడిని బట్టి జరుగుతుంది. గాలి వేడెక్కితే అందులో ధ్వని వేగం పెరుగుతుంది. గొట్టం పొడవు అదే ఉన్నా స్వరం పైకి పోతుంది. ఒక డిగ్రీకి మూడు సెంట్లు, అంటే పక్కపక్క మెట్ల మధ్య దూరంలో నూటికి మూడు వంతులు. ఐదారు డిగ్రీలు తేడా వస్తే చెవిలో ముల్లు గుచ్చుకున్నట్టే. ఇంకో తిరకాసు కూడా ఉంది. లోపల రీడు ఉన్న గొట్టాలు అంతగా జరగవు. దాంతో ఆర్గన్ తనతో తనే పేచీ పెట్టుకుంటుంది. అందుకే కచేరీ రోజు పొద్దున్నుంచీ హీటర్ మీట దగ్గర ‘ముట్టుకోవద్దు’ అని కాగితం అంటించారు. అయినా ఎవరో ముట్టుకున్నారు. చలిదేశంలో చలి భయం మనవాళ్ళకే ఉంటుందనుకోకండి.

నాకు అక్కడేం పనంటే, పాడటం. కోరస్‌లో చివరి వరస, బేస్ గొంతులు, ఎడమ నుంచి మూడోవాణ్ణి. అమెరికా మధ్య పశ్చిమంలో చిన్న ఊరు మాది. ఆర్కెస్ట్రాలో కొందరికి జీతం ఉంది, కోరస్‌లో ఎవరికీ లేదు. ఆరేళ్ళ కిందట మా పొరుగావిడ, ‘మీ గొంతు ఫోన్‌లో గోడ దాటి వినపడుతోంది, మంగళవారం సాయంత్రాలు ఖాళీయేనా’ అని అడిగింది. అది ఫిర్యాదో పిలుపో ఇప్పటికీ తేల్చుకోలేదు.

మొదటి రిహార్సల్‌లో నాకు తెలిసింది ఒకటే: ఇక్కడ స్కోరు కన్నా ముఖ్యమైనది పెన్సిలు. స్వరాల మీద కామా పెడితే అక్కడ ఊపిరి తీసుకోమని. కామా కొట్టేస్తే అక్కడ చచ్చినా తీసుకోవద్దని. కండక్టర్ గంటన్నరలో ఇరవైసార్లు పెన్సిళ్ళు ఎత్తించాడు. పాడటం కన్నా ఊపిరి గురించే ఎక్కువ మాట్లాడాడు.

ఇది నాకు కొత్త విద్య కాకూడదు. మా నాన్న గుంటూరు జిల్లా పల్లెల్లో పౌరాణిక నాటకాలకు హార్మోనియం వాయించేవాడు. కాళ్ళతో తొక్కే హార్మోనియం. రెండు చేతులూ మెట్ల మీద, రెండు కాళ్ళూ తిత్తుల మీద. కృష్ణ వేషధారి పద్యం ఎత్తుకుని, చివర్న రాగం సాగదీస్తుంటే జనం ఈలలు వేసేవారు. నాన్న చూపు మాత్రం ఆయన మెడ కింద గుంట మీద ఉండేది. ఎప్పుడు ఊపిరి పీలుస్తాడో అక్కడ ముందే తెలుస్తుందట. ఆ ఖాళీలోకి హార్మోనియం రావాలి. ‘వాడు ఊపిరి తీసుకున్నట్టు జనానికి తెలిసిందంటే తప్పు వాడిది కాదురా, నాది’ అనేవాడు.

ఆర్గన్ అనే వస్తువుని నాన్న చూడలేదు. కానీ దాని తమ్ముణ్ణే జీవితమంతా తొక్కాడు. 1842లో పారిస్‌లో అలెగ్జాండర్ డెబెయిన్ అనే ఆయన హార్మోనియం పేరుతో పేటెంట్ తీసుకున్నాడు. ఆర్గన్ పెట్టుకునే చోటూ డబ్బూ లేని చిన్న చర్చిల్లోకీ ఇళ్ళలోకీ అది చేరింది. ఓడలెక్కి మన దేశం వచ్చి, కలకత్తాలో చేతితో ఊదే పెట్టెగా మారి, మన నాటకాల్లో కృష్ణుడి పక్కన కూర్చుంది. అన్నదమ్ములిద్దరికీ తేడా ఒక్కటే. హార్మోనియంలో తిత్తి మన చేతిలోనో కాలికిందో ఉంటుంది, గట్టిగా తొక్కితే గట్టిగా పలుకుతుంది. ఆర్గన్‌లో గాలి ఒకే ఒత్తిడితో ఎక్కణ్ణుంచో వస్తుంటుంది. మెట్టుని గుద్దినా, ముద్దుగా నొక్కినా ఒకటే శబ్దం.

కొత్త ఆర్గన్‌ని పరీక్షించమని పిలిస్తే బాఖ్ ముందు అన్ని స్టాపులూ, అంటే ఏ గొట్టాల వరసలు పలకాలో ఎంచుకునే మీటలు, బయటికి లాగి నిండుగా వాయించేవాడట, దాని ఊపిరితిత్తులు గట్టివో కావో చూద్దామని. ఆయన కొడుకు రాసిపెట్టిన సంగతి ఇది. తెలుగువాడికి దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. మన మాటలోనే మనిషి ఛాతీలో ఒక కొలిమి తిత్తి ఉంది.

ఇక మా కార్యక్రమం. ముందు ఫ్రెంచి స్వరకర్త ఫోరే తన పంతొమ్మిదేళ్ళ వయసులో బడి పోటీ కోసం రాసిన ‘కాంటీక్ ద్ జాన్ రసీన్’. చిన్నది. దానికి మొదటి బహుమతి వచ్చింది, రావాల్సిందే. తర్వాత ఇంకో ఫ్రెంచి స్వరకర్త పూలాంక్ రాసిన ఆర్గన్ కన్చెర్టో. విరామం అయ్యాక ఫోరే ‘రెక్వియెమ్’, అంటే పోయినవాళ్ళ శాంతి కోసం చేసే ప్రార్థన, చిన్న వాద్యబృందంతో పాడే పాత రూపంలో.

రెక్వియెమ్ మొదటిసారి 1888 జనవరి 16న పారిస్‌లో మాడలేన్ చర్చిలో వినిపించింది. అప్పుడు ఫోరే ఆ చర్చిలోనే గాయక బృందానికి పెద్ద. ఒక అంత్యక్రియల ప్రార్థనలో పాడారు. అయిపోయాక చర్చి పెద్ద పిలిచి, ఇలాంటి కొత్త పోకడలు మాకు వద్దు, ఉన్న పాటలు చాలు అని చివాట్లు వేశాడంటారు. కొత్త పోకడ ఏమిటంటే, భయం లేకపోవడం. అంతకుముందు బెర్లియోజ్, వెర్డీ అంతిమ తీర్పు దినాన్ని ఢంకాలతో, బాకాలతో పిడుగులు కురిపించి చూపించారు. ఫోరే ఆ భాగాన్ని దాదాపు పూర్తిగా పక్కన పెట్టాడు. వయొలిన్లకు కూడా పెద్దగా పని ఇవ్వలేదు; వయోలాలు, చెల్లోలు, ఆర్గన్, అంతా కింది స్థాయి ముదురు రంగే. 1924లో ఆయన పోయినప్పుడు అదే చర్చిలో ఇదే పాడారు.

దీన్ని జోలపాటతో పోలుస్తుంటారు. వినేవాళ్ళకి కావచ్చు. మొదటి పుటలో వాద్యాలు ఒక్క స్వరాన్ని గట్టిగా నిలబెట్టగానే మేం గుసగుసకి కొంచెం పైన, కదలకుండా, తొణకకుండా అందుకోవాలి. గట్టిగా పాడేటప్పుడు ఎక్కడ ఊపిరి తీసుకున్నా ఆ హోరులో కలిసిపోతుంది. మెల్లగా పాడేటప్పుడు ప్రతి పీల్పూ చర్చంతా వినపడుతుంది.

అందుకే వంతులు. కోరస్ వాళ్ళు దీన్ని స్టాగర్ చెయ్యడం అంటారు, నేను వంతుల ఊపిరి అని పేరు పెట్టుకున్నాను. మా వైపు కాలవ నీళ్ళకి వంతులు వేసుకున్నట్టే. నా పక్కాయన రిటైరైన పోస్ట్‌మన్. ఆయన రెండో బీటు మీద తీసుకుంటే నేను నాలుగో బీటు దాకా ఆగుతాను. నియమాలు విచిత్రంగా ఉంటాయి. మాట ముగిసిన చోట తీసుకోకూడదు, ఎందుకంటే అందరికీ అక్కడే తీసుకోవాలనిపిస్తుంది. సాగుతున్న అచ్చు మధ్యలో, ఎవరికీ చెప్పకుండా జారుకోవాలి. మళ్ళీ వచ్చేటప్పుడు తలుపు చప్పుడు కాకుండా రావాలి. పద్యంలో అర్థం విరిగే చోట ఊపిరి తీసుకోమని నేర్చుకున్నవాడికి ఇది పరమ అన్యాయం. మొదటి ఏడాదంతా నేను అర్థం ప్రకారమే ఊపిరి తీసుకుని తిట్లు తిన్నాను.

ఒక్క విషయంలో మాత్రం తెలుగు నన్ను కాపాడింది. రెక్వియెమ్ పాడేది లాటిన్‌లో, ఆ అచ్చులు శుద్ధంగా పలకాలి. మా వాళ్ళు ‘దోనా’ అనమంటే ‘డోవ్‌నా’ అంటారు, ఒకే అచ్చుని రెండుగా చీలుస్తారు. కండక్టర్ ఒకసారి నన్ను లేపి ఆ ఒక్క మాట అనిపించాడు. అజంత భాష మాట్లాడేవాడికి అంతకన్నా గౌరవం ఏం కావాలి! మరుసటి వారమే శ్రుతి తప్పి ఆ గౌరవం పోగొట్టుకున్నాను, అది వేరే సంగతి.

ఇలా మేం ఊపిరి దాచుకోడానికి నానా పాట్లు పడుతుంటే, పైన బాల్కనీలో ఆవిడ బాధ సరిగ్గా దానికి తలకిందులు. ఆర్గన్‌కి ఊపిరి తీసుకునే అవసరమే లేదు. మెట్టు మీద వేలు ఉన్నంతసేపూ, కరెంటు ఉన్నంతసేపూ మోగుతూనే ఉంటుంది. అలా వదిలేస్తే సంగీతం కాదు, ఫ్యాక్టరీ సైరన్. అందుకని ఆర్గనిస్టు దానికి ఊపిరి నేర్పాలి. ఎలా? వేలు ఎత్తి. ఏ స్వరం బరువుగా వినపడాలో దానికి ముందున్న స్వరాన్ని వెంట్రుకవాసి కురచ చేస్తుంది. ఆ సందులోంచి వచ్చిన స్వరం గట్టిదనిపిస్తుంది. నిజానికి అదేం గట్టిది కాదు. ‘నేను వాయించేది మెట్లు కాదు, మెట్ల మధ్య ఖాళీలు’ అని ఆవిడ ఒకసారి చెప్పింది. బిగ్గరా మెల్లా కావాలంటే ఇంకో ఉపాయం ఉంది: కొన్ని గొట్టాలని గదిలాంటి పెట్టెలో పెట్టి, కిటికీ రెక్కల్లాంటి చెక్కలని కాలితో తెరుస్తూ మూస్తూ ఉంటారు. మా ఆర్గన్‌లో పెద్ద గొట్టం 16 అడుగులు, సెకనుకి దాదాపు 33 కంపనాలు. అది మోగితే చెవి కన్నా ముందు చెప్పుల కింద తెలుస్తుంది. అతి చిన్న గొట్టం నా పెన్సిలంత కూడా ఉండదు.

పూలాంక్ కన్చెర్టో గురించి ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. దాన్ని రాయించింది పోలిన్యాక్ యువరాణి. అసలు పేరు విన్నరెట్టా సింగర్. అవును, ఆ సింగరే. మన వసారాల్లో అమ్మలూ అమ్మమ్మలూ కాలితో తొక్కి జాకెట్లు కుట్టిన మిషన్ ఉందే, ఆ కంపెనీ స్థాపించిన ఐజాక్ సింగర్ కూతురు. పారిస్‌లో ఆమె ఇంట్లోనే ఆర్గన్ ఉండేది. 1938 డిసెంబరులో ఆ ఇంట్లోనే మొదటిసారి వాయించారు, మోరిస్ డురుఫ్లే ఆర్గన్ మీద, నాడియా బులాంజే కండక్టర్‌గా. పూలాంక్‌కి ఆర్గన్ సంగతులు అంతగా తెలియవు. ఏ స్టాపులు ఎక్కడ లాగాలో డురుఫ్లేని అడిగి రాసుకున్నాడు. అంతకు రెండేళ్ళ కిందటే స్నేహితుడొకడు రోడ్డు ప్రమాదంలో పోయాడు. ఆ దుఃఖంలో రొకమదూర్ అనే పుణ్యక్షేత్రానికి వెళ్ళి, అప్పటిదాకా విందు వినోదాల సంగీతం రాసినవాడు భక్తి సంగీతం వైపు తిరిగాడు. కన్చెర్టోలో ఆ ఇద్దరు మనుషులూ కనపడతారు. ఆర్గన్ పిడుగులాంటి ఎత్తుగడ తర్వాత ఎక్కడో సర్కస్ గుడారం పాట లాంటిది దూరుతుంది. నాకైతే ఆ సర్కసే ఇష్టం.

డ్రెస్ రిహార్సల్ నాడు ఇందులోనే గొడవ జరిగింది. ఆర్గనిస్టు వేలు ఎత్తేసింది, స్వరం ఆగలేదు. దాన్ని సైఫర్ అంటారు. గొట్టం కింద మూత సరిగ్గా మూసుకోకపోతే అందులోకి గాలి పోతూనే ఉంటుంది. ఆర్కెస్ట్రా ఆగింది, కండక్టర్ ఆగాడు, అది మాత్రం ఎవరినీ లెక్కచెయ్యకుండా కూస్తోంది. ఆవిడ చెప్పులు విడిచి, నిచ్చెనెక్కి, గొట్టాల గదిలోకి దూరి, ఆ గొట్టాన్ని ఊడబెరికింది. దంతవైద్యుడి లాగా దాన్ని చేత్తో పట్టుకుని బయటికి వచ్చింది. నిశ్శబ్దం. అందరం ఒక్కసారి ఊపిరి పీల్చాం. కండక్టర్ నవ్వి, ‘ఈ ఒక్క చోటే మీరంతా కలిసి తీసుకున్నారు’ అన్నాడు.

మర్నాటి కచేరీలో గొట్టం బుద్ధిగా ఉంది. తప్పు మా దగ్గర జరిగింది. రెక్వియెమ్‌లో చివరి నుంచి రెండో భాగం ‘లీబెరా మే’. ముందు బారిటోన్ ఒంటరిగా పాడతాడు. ఆఖర్న అదే పాటని కోరస్ అంతా ఒకే గొంతుగా, మెల్లగా ఎత్తుకుంటుంది. ఒకే గొంతు కాబట్టి చాటు ఉండదు. ఒక చోట నా వంతు నేను మరిచిపోయాను. పక్కాయన తన వంతు తాను మరిచిపోయాడు. ముందు వరసలో ఇంకెవరో. బేస్ గొంతుల్లో ఒక చిల్లు పడింది. నాకు చెవులు వేడెక్కాయి.

అయిపోయాక మా ఆవిడని అడిగాను, ఎక్కడైనా తేడా తెలిసిందా అని. ‘మీరు నోరు బాగా తెరిచారు’ అంది.

అప్పుడు బాల్కనీ మెట్లెక్కాను. ఆర్గనిస్టు చెప్పులు మార్చుకుంటోంది. క్షమాపణ చెప్పబోతే, ‘ఆ చోటా? మీ వైపు ఊపిరి అయిపోవడం రెండు బీట్ల ముందే వినపడింది. కింది స్వరాల పెడల్ మీంచి కాలు ఎత్తకుండా ఉంచాను’ అంది. స్విచ్ ఆపింది. గోడ వెనకెక్కడో తిత్తి మెల్లగా కిందికి దిగిన చప్పుడు.

డిసెంబరు కచేరీ స్కోర్లు వచ్చే మంగళవారం ఇస్తారట. పెన్సిళ్ళు ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి.